చుట్టానికి మొదటి నీళ్లు

బల్లులకు వైద్యం చేయడానికి హైదరాబాద్ వెళ్తున్నానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. పక్కింటి సుబ్బలక్ష్మి గారైతే "మా ఇంట్లో గోడ నిండా ఉన్నాయి, ముందు వాటిని చూసి వెళ్లండి" అని గుమ్మంలో నిలబడి మరీ నవ్వింది. ఆవిడ నవ్వడంలో తప్పేం లేదు. భీమవరంలో పశువుల డాక్టరంటే గేదెలు, ఆవులు, ఈమధ్య కుక్కలు. నేను మధ్యలో కొన్నేళ్లు జంతుప్రదర్శనశాలలో పనిచేసి పాకే జీవుల చర్మం చూడటం నేర్చుకున్నానని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం ఎంత దూరం నుంచైనా పిలుస్తారు.

ఈసారి పిలిచినాయన పేరు శ్రీకాంత్. హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం, మొయినాబాద్ దగ్గర కనకమామిడిలో ఫామ్‌హౌస్, అందులో ఆరు ఇగువానాలు. ఇగువానా అంటే మన తొండకు పెద్దన్న అనుకోండి. పచ్చగా ఉంటుంది, వీపు పొడవునా మెత్తటి ముళ్లుంటాయి, తోకతో కలిపి కొలిస్తే మంచం సగానికి వస్తుంది. ఆకులు తింటుంది, తన మానాన తాను ఎండ కాచుకుంటుంది. దూరదేశాల నుంచి తెప్పించుకుని పెంచుకునేవాళ్లు ఇప్పుడు మన దగ్గర కూడా తక్కువేం లేరు.

"ఆరింటిలో ఐదింటికి చర్మం పాడైంది మేడం," అన్నాడాయన ఫోన్‌లో. "ఒక డాక్టర్ ఫంగస్ అన్నారు, ఇంకొకరు విటమిన్ లోపం అన్నారు. మందులన్నీ అయ్యాయి. అసలు ఎలా వచ్చిందో మీరు చెప్పగలిగితే ఉంచుతాను. చెప్పలేకపోతే ఆదివారం సాయంత్రానికి అన్నింటినీ నొప్పి లేకుండా పంపించేయండి. మా పిల్లలు వచ్చి ఆడుకునే చోటు, రిస్క్ తీసుకోలేను."

అంటే మందుల సంచిలో ఆ సూది కూడా పెట్టుకోవాలి. పెట్టుకున్నాను. దాన్ని వాడే అవసరం రానివ్వనని నాకు గట్టి నమ్మకం. గొప్పలు పోతోందనుకున్నా సరే, జబ్బు ఏ దారిన వచ్చిందో వెతకడంలో నాకు పేరుంది.

మొయినాబాద్

శుక్రవారం పొద్దున్న మెహదీపట్నంలో బస్సెక్కాను. తొలి వానలు పడ్డ రోజులు. నగరం అయిపోయిందనుకునే చోట మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అయిపోతుంది, చివరికి మొయినాబాద్ వస్తుంది. రోడ్డు పక్కన బొగ్గుల కుంపట్ల మీద మక్కకంకులు కాలుస్తున్నారు. మేం మొక్కజొన్న పొత్తు అంటాం, వాళ్లు కంకి అంటారు. నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇచ్చిన కంకి ధర మాత్రం మా ఊళ్లో కంటే ఎక్కువే. తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

చాయ్ దుకాణం దగ్గర ఆటో కనబడింది. డ్రైవర్ పేరు నర్సింలు, నలభై ఏళ్లుంటాయి, మాట్లాడకుండా ఉండలేని మనిషి.

"యాడికి మేడం?"

"కనకమామిడి. ఇగువానాలు పెంచే ఫామ్‌హౌస్ ఉందట."

"ఓ, ఉడుములోళ్ల తోటనా! గట్ల చెప్పుండ్రి. ఎక్కుండ్రి."

అవి ఉడుములు కావని చెప్పబోయాను, వినలేదు. "మా తాతల కాలంల ఉడుము దొరికితే కూర వండేది మేడం. ఇప్పుడు దాన్ని ముట్టుకుంటే కేసు. గీళ్లేమో లైట్లు పెట్టి, అద్దాల ఇండ్లు కట్టి సాకుతుండ్రు. దాని అదృష్టం జూడుండ్రి" అని తనే నవ్వుకున్నాడు. కాసేపటికి అద్దంలోంచి నన్ను చూసి గొంతు తగ్గించాడు. "జర పైలం మేడం. దాని ఊపిరి తాకితే మనిషికి బొల్లి వస్తదంటరు."

రాదు, ఊపిరి తగిలితే బొల్లి వచ్చే జబ్బేదీ లేదు అని దారి పొడవునా చెప్పాను. అన్నిటికీ తలూపాడు. తోట వచ్చాక మాత్రం ఆటో గేటు బయటే ఆపి, "నేను ఈడనే ఉంట, మీరు పోయి రాండ్రి" అన్నాడు.

కనకమామిడి

గేటు తీసిన ఆవిడ రూతమ్మ. అరవై దాటిన మనిషి. తల పూర్తిగా నెరిసింది, నడక మాత్రం చురుకు. ఆ తోటను ఆవిడా, భర్త దేవదానం గారూ చూసుకుంటారు. చెట్లూ మళ్లూ ఆయనవి, ఇల్లూ ఇగువానాలూ ఈవిడవి. ఆవిడ నా ముఖం చూడలేదు, సంచి చూసింది.

"సూది దెచ్చినవా బిడ్డా?"

ఇంత సూటిగా అడుగుతుందనుకోలేదు. "తెచ్చాను. వాడాలని మాత్రం రాలేదు," అన్నాను.

"అయితే లోపటికి రా. కాళ్లు కడుక్కో. ముందుగాల బువ్వ తిను."

మా గోదావరి వైపు మర్యాదంతా మాటల్లో ఉంటుంది. అండీ ఆయ్ అంటూ, ఇంకో గరిటె వేయించుకోమని బతిమాలుతూ, వద్దంటే అలుగుతూ నడుస్తుంది. రూతమ్మ ఒక్కసారి కూడా బతిమాలలేదు. ఆవిడ దగ్గర మర్యాదంతా వరసలో ఉంది. కాళ్లకు మొదటి చెంబు నాకు. మొదటి జొన్నరొట్టె నాకు. చింతచిగురు పప్పులో గరిటె మొదట దిగింది నా కంచం కోసమే. మడిలో పని చేసి చెమటతో వచ్చిన దేవదానం గారు అరుగు మీద కూర్చుని, నేను చెయ్యి కడుక్కునేదాకా కంచం ముట్టుకోలేదు. నేను మొహమాటపడి ఆయన్ని కూడా రమ్మంటే రూతమ్మ అడ్డుపడింది. "ఆయన ఇంటోడే గద, కడకు తిన్నా ఏం గాదు. చుట్టం తిన్నంకనే మాకు."

పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నాను. నర్సింలు కూడా గేటు బయట నిలబడే మూడు రొట్టెలు తిన్నాడు.

తర్వాత ఇగువానాల గది చూపించింది. వరసగా ఆరు అద్దాల గూళ్లు, పైన వేడి దీపాలు, అడుగున పాత న్యూస్ పేపర్లు. శుభ్రంగా ఉంది. నేను చూసిన చాలా జంతుశాలల కంటే శుభ్రంగా ఉంది.

"ఈయన అబ్రహాము, అందరికంటే పెద్దోడు. గీమె శారమ్మ. రిబ్కా, రాహేలు. సార్ ఏందో ఇంగ్లీష్ పేర్లు పెట్టిండు గని, నాకు నోరు తిరుగక మార్చిన. అరచేతంత ఉన్నప్పటి సంది సాకిన బిడ్డా. నా గొంతు ఇంటే కండ్లు తెరుస్తరు."

ఆవిడ పిలిచింది. నిజంగానే తెరిచారు. అబ్రహాము వీపు మీద బూడిద రంగు చెక్కులు లేచి ఉన్నాయి. శారమ్మ తోక మొదట్లో చర్మం పొరలుగా ఊడి, కింద ఎర్రగా పుండు. మిగతా ఇద్దరికీ పొట్ట కింద మచ్చలు. చేతిలోకి తీసుకుంటే అబ్రహాము నా మణికట్టు పట్టుకున్నాడు. ఉడుంపట్టు అంటారే, అది కాదు. జ్వరపడ్డ పిల్లలు పట్టుకునే పట్టు అది. నాకు సంచిలోని సూది గుర్తొచ్చి చిరాకేసింది.

చివరి గూట్లో ఉన్నదాని పరిస్థితి అన్నింటికంటే అన్యాయంగా ఉంది. ఒళ్లంతా చెక్కులే.

"దీని పేరేమిటి?"

"పేరు లేదు. కొత్తగ వచ్చిండు, మొన్న ఎండకాలం మొదట్ల సార్ కొనుక్కొచ్చిండు. ఇంకా ఇంట్ల కలువలే. చుట్టం అని పిలుస్త."

వీటి మధ్య గూట్లో ఒకటి దిట్టంగా, లేత అరిటాకు రంగులో, ఒక్క మచ్చ కూడా లేకుండా కూర్చుని నన్ను చూసి బుస కొట్టింది. "ఆడు యోనా," అంది రూతమ్మ. "మొండోడు. నన్ను తప్ప ఎవ్వల్ని దగ్గరికి రానియ్యడు. నన్ను గూడ ఒకపాలి చీరిండు."

చర్మం గీకి, వెంట తెచ్చుకున్న చిన్న మైక్రోస్కోప్ కింద చూశాను. ఫంగస్ కాదు. విటమిన్ లోపమైతే చర్మం ఇలా లేవదు. నా అనుమానం వైరస్ మీదే. కప్పలకూ చేపలకూ వచ్చే వైరస్‌ల కుటుంబం ఒకటుంది. దిగుమతైన బల్లుల్లో కూడా కనిపిస్తుంది. చర్మం మీద చెక్కులు లేపి, పుండ్లు పెట్టి, కొన్నింటిని లోపలి నుంచి కూడా తినేస్తుంది. దాన్ని చంపే మందు లేదు. విడిగా ఉంచి, వెచ్చగా పెట్టి, పుండ్లు చీము పట్టకుండా చూస్తే చాలావరకు ఒళ్లే పోరాడి గెలుస్తుంది. దూది పుల్లలతో నమూనాలు తీసి నర్సింలు చేత నగరంలోని ల్యాబ్‌కు పంపించాను. ఫలితం మాత్రం ఆదివారం లోపు రాదు.

కొత్తది తెచ్చిందని ఎవరికైనా తోస్తుంది. కానీ దాని గూడు వేరు. దాన్ని మిగతా వాటితో ఎప్పుడూ వదల్లేదట. మరి నాలుగింటికి ఎలా పాకింది, నట్టనడుమ ఉన్న యోనాను ఎలా వదిలేసింది? అందరికీ అదే మునగాకు, అవే మందారపూలు. పేపర్లు మార్చేది అవే చేతులు. సాయంత్రం దాకా రూతమ్మను ప్రశ్నలతో విసిగించాను. ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది కానీ, నాకు కావాల్సింది దొరకలేదు. దొరుకుతుందనే ధీమాతోనే పడుకున్నాను.

చేవెళ్ల

కొత్తది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలని శనివారం బయల్దేరాను. శ్రీకాంత్ గారిని అడిగితే ఆలూరులో ఒక పూలతోట పేరు చెప్పాడు. చేవెళ్ల మీదుగా వెళ్లాలి. నర్సింలు మళ్లీ సిద్ధం. ఈసారి సీటు మీద పసుపునీళ్లు చల్లుకుని వచ్చాడు. నేను చూడనట్టు నటించాను.

చేవెళ్లలో కూరగాయల మార్కెట్ పొద్దున్నే ఊపు మీదుంటుంది. టమాటా పెట్టెలు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. వానకు నేలంతా బురద. టమాటాలు చూస్తూ నడుస్తుంటే నా చెప్పు బురదలో ఇరుక్కుంది. లాగాను. కాలొచ్చింది, చెప్పు రాలేదు. మళ్లీ లాగితే చెప్పొచ్చింది, పట్టీ రాలేదు.

కొత్తిమీర అమ్మే ఆవిడ కట్టలు పక్కన పెట్టి, "ఇటు తే అమ్మా," అని చెప్పు లాక్కుంది. కట్టలకు వాడే సుతిలి దారంతో నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో తెంపి ఇచ్చింది. "గిది ఇగ ఊడదు. చెప్పు పోయినా దారం ఉంటది." ఏమైనా ఇవ్వబోతే కసిరింది. ఆ చెప్పుతోనే మిగతా యాత్రంతా చేశాను. ఇప్పటికీ ఊడలేదు.

మిర్చి బజ్జీ తిన్నాం. మేం మిరపకాయ పొట్ట చీల్చి వాముపొడి పెడతాం. ఇక్కడ చింతపండు పులుపు కూరారు. నా కళ్లలో నీళ్లు చూసి నర్సింలుకు ఎక్కడలేని సంతోషం. "మీ ఆంధ్రోళ్లే కారం తింటరనుకున్న మేడం," అన్నాడు.

ఆలూరు

పూలతోట యజమాని యాదగిరి. ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్లలో గులాబీలు పండిస్తాడు. లోపలికి వెళ్తే మా గోదావరి జిల్లాల జూన్ నెలలోకి వెళ్లినట్టుంది, ఉక్కపోత. విషయం చెప్పగానే తల దించుకున్నాడు.

"ఒక దళారి వచ్చిండు మేడం. పరాయి దేశం నుంచి తెచ్చిన జీవాలు, వేడి కావాలె, నీ షెడ్డు మూల కిరాయికి ఇయ్యి అన్నడు. కాగితాలు గూడ చూపెట్టిండు, అన్ని సక్కగనే ఉన్నయ్. గిదేం తప్పు పని కాదు గదా అని ఇచ్చిన."

"వాటికి ఏమైనా అయిందా?"

"కొన్నిటికి ఒంటి మీద చెక్కులు లేసినయ్. ఏం తినకపాయె. మూడు సచ్చినయ్. బొంద తీసి సున్నం ఏసి పూడ్చిన. ఇగ మంచిగ కనవడ్డదాన్ని మీ సార్‌కు అమ్మిండు. మిగిలినయ్ గీ దిక్కే వేరే తోటలకు పోయినయ్. ఎవరియో నాకెరుక లేదు. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తుతలేడు."

ఓడలూ విమానాలూ దాటడానికి ఇగువానాకు కాగితాలు కావాలి. జబ్బును ఎవరూ కాగితాలు అడగరు. యాదగిరి అమాయకుడని నాకు నమ్మకం కుదిరింది. కోపమంతా ఆ ఫోన్ ఎత్తని మనిషి మీదే. ఇంకెన్ని తోటల్లో ఇంకెన్ని జీవాలు ఇలా చెక్కులు కట్టి కూర్చున్నాయో, ఎలా వెతకాలో తెలియలేదు. ఈ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు లెక్కలేనన్ని. ఏ గేటు దగ్గర ఆగి ఏమని అడగను?

బయల్దేరుతుంటే యాదగిరి తడిగుడ్డలో చుట్టిన గులాబీల కట్ట ఆటోలో పెట్టాడు. "రేపు ఆదివారం గద. రూతమ్మకు ఇయ్యుండ్రి, చర్చిల పెట్టనీకి ఆమె నా తాననే పూలు కొంటది. ఆమెకు నా మొకం చూపెట్టబుద్ధి అయితలేదు మేడం."

మళ్లీ కనకమామిడి

మధ్యాహ్నం దాటాక చేరాం. పెరట్లో కట్టెలపొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. పక్కనే ఒక గంగాళం. దాని అంచులు అరిగి మెరుస్తున్నాయి. దేవదానం గారు తలస్నానం చేసి, నూనె రాసుకుని, అరుగు మీద కూర్చున్నారు.

"శనివారం గద బిడ్డా," అంది రూతమ్మ, నా చేతికి చాయ్ గ్లాసు ఇస్తూ. "రేపు దేవుని మందిరానికి పోవాలె. ఇంట్ల అందరికి తలకు పోసుడే. ఇగ పిల్లలకు పోస్త."

పిల్లలంటే ఎవరో అర్థమవడానికి ఒక గుక్క పట్టింది. నవ్వొచ్చింది. ఇగువానాలకు గోరువెచ్చని నీళ్లు మంచివే, నేనే చాలామందికి చెబుతాను. ముచ్చటగా చూస్తూ మెట్టు మీద కూర్చున్నాను. గంగాళంలో వేడినీళ్లకు చన్నీళ్లు కలిపి తొణిపింది, చిటికెడు పసుపు వేసింది. లోపలికెళ్లి రెండు చేతుల మీద చుట్టాన్ని మోసుకొచ్చి, మెల్లిగా నీళ్లలో దించింది. చెక్కుల మీద దోసిలితో పోసింది. ఏదో కీర్తన సన్నగా పాడుతోంది. తర్వాత దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, అబ్రహామును తెచ్చి అదే గంగాళం మీదికి వంగింది.

"ఆగు అవ్వా!" అని అరిచాను. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. "నీళ్లు మార్చవా?"

"ఎందుకు? ఎండకాలం బోరు ఎండుతది, నీళ్లు పారబోసుడు నాకు అలవాటు లేదు. నా పిల్లలు నలుగురికి గీ ఒక్క గంగాళమే. ఎవరికేమైంది?"

"వారం వారం ఇలాగేనా? చుట్టానికే ముందా?"

"మరి?" నా ప్రశ్నకు ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "చుట్టానికి కడకు మురికినీళ్లు పోస్తరా ఎవలన్న? మొదటి నీళ్లు చుట్టానికే. ఎనుక అబ్రహాము, శారమ్మ, గట్ల పెద్ద సంది చిన్న దాంక."

"యోనా?"

"ఆడు నీళ్లంటే సస్తడు. బైబిల్ల యోనా సముద్రంల పడి తిప్పలు వడ్డడు, గందుకే గా పేరు పెట్టిన. ఆని జోలికి పోను."

ఇంతే సంగతి. నిన్నంతా గూళ్ల చుట్టూ తిరిగాను, ఆకులు పట్టి చూశాను. స్నానాల గురించి మాత్రం అడగలేదు. జవాబు పెరట్లో గంగాళంలో ఉంది. కొత్తదాని పుండ్ల మీదుగా పోసిన నీళ్లలో మిగతా నలుగురూ వారం వారం మునిగారు. మునగనివాడు మిగిలాడు. దొరికిందన్న సంతోషం ఒక్క క్షణం ఉప్పొంగింది. ఆ వెంటనే ఆవిడ ముఖం చూశాను.

ఒక ఆలోచన రాలేదని చెప్పను. శ్రీకాంత్ గారికి దళారి కథ చెప్పేసి, ఈవిడకు మాత్రం చెప్పకుండా, గంగాళం పాతబడింది పారేయమంటే సరిపోదా? సరిపోదు. రూతమ్మకు కారణం తెలియకపోతే వచ్చే చుట్టానికి మళ్లీ మొదటి నీళ్లే పోస్తుంది. అందుకే పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అబ్రహామును ఒళ్లోకి తీసుకుని వింది.

"పసుపు ఏసిన గదా బిడ్డా."

"పసుపుకు ఈ వైరస్ చావదు అవ్వా."

"అంటే నా చేతులతోనే పోసిన."

"తెలిసి చేసింది కాదు కదా."

"ఎరుక లేక చేస్తే సావు ఆగుతదా?"

ఆవిడ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, అబ్రహాము బెదరకుండా, శబ్దం లేకుండా ఏడ్చింది. ఎన్నో జబ్బులకు కారణం చెప్పాను కానీ, ఇంత ప్రేమను పట్టుకుని తప్పు నీదే అని ఎప్పుడూ చెప్పాల్సి రాలేదు. దేవదానం గారు లేచొచ్చి భార్య భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో గంగాళం చెవి పట్టుకున్నారు. "ఈ నీళ్లు కొత్తిమీర మడికి పొయ్యాల్నా డాక్టరమ్మా, వద్దా?" అని మెల్లిగా అడిగారు.

వద్దన్నాను. కప్పలకూ అంటుకునే జబ్బు, వానాకాలం మడి నిండా కప్పలే. దూరంగా గుంట తవ్వి, బ్లీచింగ్ పొడి కలిపి అందులో పోశాం. గంగాళాన్ని కూడా ఆ పొడితోనే తోమి ఎండలో బోర్లించాం.

తర్వాత రూతమ్మ ఎదురుగానే శ్రీకాంత్ గారికి ఫోన్ చేశాను. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా పాకిందో, ఎలా ఆపాలో అంతా చెప్పాను. ఒకటో రెండో దక్కకపోవచ్చని, మిగిలినవి ఎప్పటికీ వేరే బల్లులతో కలవకూడదని, మీ పిల్లలకు మాత్రం ఏమీ కాదని చెప్పాను.

"అంటే, ఆవిడ చేసిన పనేనా ఇదంతా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "జబ్బును కొనుక్కొచ్చింది మీరు. కొత్తది వస్తే మూడు నెలలు వేరే గదిలో, వేరే బక్కెట్‌తో ఉంచాలని ఆవిడకు చెప్పాల్సింది కూడా మీరే. చెప్పారా?"

జవాబు కోసం ఆగలేదు.

"ఎలా వచ్చిందో చెబితే ఉంచుతానన్నారు. చెప్పాను. వీటిని బతికించగలిగేది ఎవరైనా ఉంటే ఆవిడే. నేను సూది తీయను."

"సరే మేడం," అన్నాడు చివరికి. "మీ మాట మీద ఉంచుతాను. ఆవిడనే చూసుకోమనండి."

ఫోన్ పెట్టేశాను. రూతమ్మ అంతా వింది. లేచి వెళ్లి ఉన్న బేసిన్లన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఎవరికి ఏది, ఎట్ల కడగాల్నో చెప్పు," అంది.

ఆదివారం

చర్చికి నన్నూ రమ్మంది. సుతిలి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే, చుట్టాన్ని కదా, ఆడవాళ్ల చాపల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. మా ఇంట్లో పూజంటే అరగంటలో హారతి అయిపోతుంది. ఇక్కడ పాటలు మొదలైతే ఆపేవాళ్లు లేరు. ఢోలక్ ఒక పక్క, కీబోర్డ్ ఒక పక్క, మధ్యలో చప్పట్లు. యాదగిరి గులాబీలు బల్ల మీద గాజు సీసాలో ఉన్నాయి.

పాటల తర్వాత సాక్ష్యాలు. ఎవరైనా లేచి ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఒకాయన కొడుకు జ్వరం తగ్గిందన్నాడు. ఒకామె తన బర్రె ఈనిందంది. అప్పుడు రూతమ్మ లేచింది.

"నాకు మేలే జరిగింది, గని ముందుగాల నా తప్పు చెప్తున్న," అంది. గంగాళం సంగతి, చుట్టం సంగతి, వరస సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పింది. "నేను మంచిగనే చేస్తున్న అనుకున్న. గా మంచితోనే నలుగురికి అంటిచ్చిన. మనల సగం మందిమి తోటలల్లనే పని చేస్తున్నం. మీ సార్లు బల్లులు తెస్తరు, తాబేళ్లు తెస్తరు, పిట్టలు తెస్తరు. కొత్తది ఏది వచ్చినా విడిగ పెట్టుండ్రి. మొదటి నీళ్లు పొయ్యకుండ్రి. ముద్దుగ ఉన్నదని అండ్ల ఇండ్ల కలపకుండ్రి. నా లెక్క ఎవ్వలూ ఏడ్వొద్దు."

కూర్చుంది. నేను పదిహేనేళ్లుగా సభల్లో ఇదే మాట చెబుతున్నాను. ఇంత నిశ్శబ్దంగా ఎవరూ వినలేదు.

ప్రార్థన ముగిసి అందరూ బయటికి వచ్చాక, చెప్పులు వేసుకునే చోట ఇద్దరు ఆడవాళ్లు రూతమ్మ చెయ్యి పట్టుకున్నారు. "అవ్వా, మా తోటల గూడ గసొంటిదే ఒకటి వచ్చింది. ఆలూరు దిక్కు సంది తెచ్చిండ్రట." రెండో ఆమెదీ అదే మాట. దళారి ఫోన్ ఎత్తలేదు కానీ, ఆ జీవాలు ఎక్కడున్నాయో చర్చి వాకిట్లో నిలబడే తెలిసిపోయింది. మధ్యాహ్నం లోపే రెండు తోటలూ చూశాను. రెండు చోట్లా చెక్కులు మొదలయ్యాయి, ఇంకా పాకలేదు. నర్సింలు ఈసారి గేటు లోపలిదాకా ఆటో తెచ్చాడు. ఏమైందని అడిగితే, "రూతమ్మకు బొల్లి రాలే గద మేడం," అన్నాడు.

తిరిగొచ్చాక

ఆ సూది నా సంచి అడుగున ఉన్నది ఉన్నట్టే భీమవరం వచ్చింది. ల్యాబ్ ఫలితం కూడా వచ్చింది. నేను చెప్పిన కుటుంబానిదే ఆ వైరస్. సుబ్బలక్ష్మి గారికి ఆ కాగితం చూపించాను. నవ్వలేదు, వాళ్ల గోడ బల్లుల్ని మాత్రం మళ్లీ గుర్తుచేసింది.

రాహేలు దక్కలేదు. తొలి వారాల్లోనే తిండి మానేసి వెళ్లిపోయింది. రూతమ్మ ఫోన్‌లో చెప్పి వెంటనే పెట్టేసింది, ఆ రోజు మాట్లాడే స్థితిలో లేదు. మిగతావి నిలబడ్డాయి. అబ్రహాము వీపు మీద చెక్కులు ఊడి కొత్త పచ్చదనం వస్తోందట. అన్నింటికంటే ముందు పోతుందని నేను లోలోపల వదులుకున్న చుట్టం మొండిగా బతికింది.

మొన్న శనివారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను. వెనక నీళ్ల చప్పుడు వినిపించింది.

"తానాలు అవుతున్నాయా అవ్వా?"

"అయితున్నయ్ బిడ్డా. ఎవరి బేసిన్ ఆళ్లకు. ఒక్కొక్కలకు పోసినంక మోచేతుల దాంక సబ్బు పెట్టి కడుక్కుంటున్న. నువ్వు చెప్పినట్టే, మంచిగున్నోళ్లకు ముందు, ఒళ్లు బాగలేనోళ్లకు ఎనుక. మొదటి పిలుపు యోనాకే. ఆడు రాడు గని, పిలుస్త."

"చివర?"

"కడకు లాజరు."

"లాజరు ఎవరు? కొత్తది తెచ్చారా?"

"కొత్తది గాదు, గా చుట్టమే. బైబిల్ల లాజరని ఉన్నడు, ఒంటి నిండ పుండ్లతోని వాకిట్ల పడి ఉండేటోడు. గా పేరు పెట్టిన." ఒక చెంబు నీళ్లు పోసిన చప్పుడైంది. "నువ్వేమో కడకు పొయ్యమంటివి. చుట్టానికి కడకు పొయ్యనీకి నాకు చెయ్యి రాలే బిడ్డా. గందుకే పేరు పెట్టి ఇంటోన్ని చేసుకున్న. ఇంటోడైనంక కడకు పోసినా ఏం గాదు గద."